నా పేరు చదివేదాకా

విమానం నేల దగ్గరిదాకా దిగి మళ్ళీ పైకి ఎందుకు లేచిందో మాకు వారం తర్వాత తెలిసింది. ఆ వారమంతా అది మాకు చేసిన మర్యాద అనుకున్నాం. ఊరేగింపులో పెళ్ళికొడుకుని ఇంకో వీధి ఎక్కువ తిప్పినట్టు, మా షహనా మమ్మల్ని ఆకాశంలో ఇంకో చుట్టు తిప్పిందని మురిసిపోయాం. మురిసిపోయి ఊరుకున్నామా? తిరువూరంతా టాంటాం వేసుకున్నాం. అదే సమయానికి ఆ చుట్టు వల్లే ఆ పిల్ల ఉద్యోగం ఊడేలా ఉందని, హైదరాబాద్‌లో ఒక గదిలో కూర్చుని తిండి మానేసిందని మాకెవరికీ తెలియదు.

నేను ప్రేమకుమారిని, ఆడపిల్లల హైస్కూల్లో టీచర్ని. మా ఇంటికీ ఆజం ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆజం ఆర్టీసీ డ్రైవరు. విజయవాడ రూట్లో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, ఒక్క కోడిని కూడా తొక్కకుండా రిటైరయ్యాడు. స్టీరింగ్ పట్టుకున్నాక అతను మాట్లాడడు, ఎవరన్నా మాట్లాడిస్తే ఊరుకోడు. ఒకసారి సొంత అక్క మొగుడు అన్సార్ గేరు పక్కన నిలబడి కబుర్లు మొదలుపెడితే, ఎ.కొండూరు దగ్గర బస్సు ఆపి, సీటు వెనకున్న బోర్డు చూపించి దింపేశాడు. "బస్సు నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు" అని ఉంటుంది చూడండి, ఆ బోర్డు. అన్సార్ ఆరు నెలలు వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

అలగడంలో అన్సార్‌ది అందె వేసిన చెయ్యి. ఇంటి అల్లుడు కదా, అలగడానికి అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తిరువూరులో షామియానాలు, కుర్చీలు, మైకుసెట్టు అద్దెకిస్తాడు. రెడ్డిగూడెం నుంచి నెమలి దాకా ఎక్కడ పెళ్ళయినా, ఏ మతంవాళ్ళదైనా, చదివింపుల దగ్గర మైకు పట్టుకునేది అతనే. మా వైపు చదివింపులంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఎవరేం పెట్టారన్నది తర్వాత సంగతి, పేరు మైకులో వినిపించిందా లేదా అన్నది అసలు సంగతి. పేరు వదిలేశారని చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయిన మేనమామలను నేనెరుగుదును. అన్సార్ మాత్రం ఎవరినీ వదలడు. ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు, ఆ తర్వాత ఒక చిన్న పొగడ్త. ఆజం కూతురు షహనా చిన్నప్పుడు అతని పక్కనే కుర్చీ ఎక్కి నిలబడి ఆ మైకులో పేర్లు చదివేది. "నోటికి బెత్తెడు దూరంలో పట్టుకోవాలమ్మా, అరవకూడదు" అని నేర్పింది అతనే.

ఆ పిల్ల పైలట్ అవుతానన్నప్పుడు ఆజం గంపలగూడెం దగ్గరున్న పత్తిచేను అమ్మేశాడు. ఊళ్ళో కొందరు నవ్వారు. హైదరాబాద్ నుంచి గన్నవరం వచ్చే విమానంలో షహనాకి కో-పైలట్ డ్యూటీ పడిందని తెలియగానే, ఆ నవ్వినవాళ్ళే "మన పిల్ల" అనడం మొదలుపెట్టారు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు గానీ, ఇలాంటి నోళ్ళకు వీపు మీద ఎప్పుడూ దెబ్బ పడదు.

కూతురు నడిపే విమానం ఎక్కాలని ఆజం పట్టుబట్టాడు. బంధువులతో కలిపి పన్నెండు మందిమి తయారయ్యాం. పొద్దున విమానంలో తిరిగి రావడానికి రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్ళాం. విమానం ఎక్కడం కోసం బస్సెక్కి అంత దూరం పోయినవాళ్ళు మేమే అయ్యుంటాం. బస్సులోనే అన్సార్ ఒక మాట అన్నాడు.

"పిల్ల చేతిలో మైకుంటదిగా. మన పేర్లు చదవమను ఆజం. ఊరికే ఎక్కి దిగితే ఏం మర్యాద?"

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, దాచడమెందుకు. ఆజం అప్పటికప్పుడు కూతురికి ఫోన్ చేసి పేర్లన్నీ చెప్పాడు. కెప్టెన్‌ని అడగాలంది షహనా. ఆ కెప్టెన్ పేరు జయకర్, మంచాయన. ఇంకా బాగా ఎత్తులో ఉన్నప్పుడే చదివెయ్యి, కిందికి దిగడం మొదలైతే ఇలాంటివి కుదరవు అన్నాడట.

విమానంలో కిటికీ పక్క సీటు ఆజం తల్లి పీర్‌బీకి ఇచ్చాం. ఆవిడ పక్కన నేను. మా ముందు వరసలో ఆజం, అతని భార్య తబస్సుమ్. వాళ్ళకు పక్కగా నడవకి అవతల అన్సార్. సగం దారి అయ్యాక మైకులో షహనా గొంతు వినిపించింది. చక్కగా, అన్సార్ నేర్పినట్టే, అరవకుండా.

"నమస్కారం. నేను మీ కో-పైలట్ షహనాని. ఈరోజు మా తిరువూరు నుంచి మావాళ్ళు ఈ విమానంలో ఉన్నారు. మా నాయనమ్మ పీర్‌బీ. నాకు బండి నడిపే ఓపిక నేర్పిన మా నాన్న ఆజం. మా అమ్మ తబస్సుమ్. పక్కింట్లో నాకు అక్షరాలు దిద్దించిన ప్రేమకుమారి టీచర్‌గారు…"

పేరు పేరుకీ మేం చప్పట్లు కొట్టాం. మాకు తెలియనివాళ్ళు కూడా కొట్టారు. పీర్‌బీ కొంగుతో కళ్ళొత్తుకుంది. పదకొండు పేర్లూ అయిపోయాయి. మైకు ఆగిపోయింది.

అన్సార్ ముఖం మాడిపోయింది.

ఆజం నాలిక కరుచుకున్నాడు. "బావా, నా బుద్ధి మండ. ఇంట్లోవాడివే కదా అని నీ పేరు చెప్పడం…"

"ఇంట్లోవాడినైతే విమానంలో లేనా?" అన్నాడు అన్సార్.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అంత సంబరంలో అతనొక్కడే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి సర్దుకుంటాడులే అనుకున్నాం. విమానం దిగడం మొదలైంది. బెల్టులు పెట్టుకోమని దీపాలు వెలిగాయి. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. అప్పుడు అన్సార్ బెల్టు ఊడదీసుకుని నడవలో లేచి నిలబడ్డాడు.

"నేను దిగిపోతాను."

"ఎక్కడ దిగుతావు బావా?" అన్నాడు ఆజం. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

"దిగకపోతే నిలబడతాను. నా పేరు చదివేదాకా కూర్చోను."

విమానంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. శ్రీవల్లి అని గుండెల మీద పేరుంది. "సార్, ప్లీజ్ సార్, ల్యాండింగ్ అవుతోంది, కూర్చోండి" అని బతిమాలింది. ఇంగ్లీషులో చెప్పింది, తెలుగులో చెప్పింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయింది.

"ఇరవయ్యేళ్ళ నుంచి ఊళ్ళో అందరి పేర్లూ చదువుతున్నానమ్మా నేను," అన్నాడు అన్సార్. "నా పేరు ఒక్కడన్నా చదివాడేమో అడుగు. మైకు పట్టుకున్నోడి పేరు మైకులో రాదు. ఇవాళన్నా వస్తదనుకున్నా."

నిజం చెప్తున్నాను, ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. ఎన్ని పెళ్ళిళ్ళలో చూశాను ఆ మనిషిని! ఒక్కసారి కూడా ఆ సంగతి తట్టలేదు నాకు. శ్రీవల్లి మాత్రం పాలిపోయిన ముఖంతో ముందుకు వెళ్ళి, గోడకున్న ఫోన్ తీసి ఏదో చెప్పింది. తర్వాత మైకులో షహనా.

"ఇంకొక్క పేరు. నాకు చిన్నప్పుడు మైకు పట్టుకోవడం నేర్పిన మా మామయ్య, తిరువూరు మైకుసెట్టు అన్సార్‌గారు."

చప్పట్లతో విమానం మోగిపోయింది. అన్సార్ ముఖం చేటంత చేసుకుని కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

కింద మామిడితోటలు చెట్టు చెట్టునా కనిపిస్తున్నాయి. ఒక డాబా మీద ఎవరో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. ఆవిడ కట్టుకున్నది పసుపు చీర అని కూడా తెలిసింది నాకు. ఎంత దగ్గరికి వచ్చేశామో అని సంతోషించాను. ఇంతలో ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నేల దూరమైపోయింది, పసుపు చీర చుక్కయిపోయింది. "యా అల్లా" అంది పీర్‌బీ. మైకులో కెప్టెన్ గొంతు, ఇంకోసారి తిరిగొచ్చి దిగుతాం, కంగారు పడకండి అని. నిదానంగానే చెప్పాడు.

"చూశారా!" అన్నాడు అన్సార్. "నా పేరు చదవంగానే విమానం ఎగిరి గంతేసింది!"

అందరం నవ్వాం. ఎంత నవ్వామో చెప్పలేను. రెండోసారి దిగేటప్పుడు పీర్‌బీ కిటికీకి ముఖం ఆనించి, "అదుగో, ఇప్పుడు కాళ్ళు దించింది చూడు," అంది. విమానం పొట్ట కింద నుంచి చక్రాలు బయటికి వస్తున్నాయి.

"ఇందాక కూడా దించే ఉంటుంది పీర్‌బీ. మీరు చూసుండరు," అన్నాను.

"లేవమ్మా ఇందాక. నేను చూస్తానే ఉన్నాగా."

పెద్దావిడ చాదస్తం అనుకున్నాను.

గన్నవరంలో దిగాక షహనా బయటికి రాలేదు. "పనుంది నాన్నా, మీరు వెళ్ళండి" అని ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. డ్యూటీ అలాంటిది అని ఆజం గర్వంగా చెప్పాడు మాకు.

ఆ వారం తిరువూరులో వేరే కబురు లేదు. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల మీద, మా స్కూలు స్టాఫ్ రూములో, అంతా అదే. నెమలిలో ఒక పెళ్ళికి వెళ్ళి, చదివింపుల మధ్యలో మైకు ఆపి మరీ చెప్పాడట అన్సార్, "నా పేరు వినంగానే విమానం ఇంకో చుట్టు తిరిగింది" అని. పెళ్ళివారు ఈలలు వేశారట.

ఆదివారం మధ్యాహ్నం షహనా వచ్చింది. చెప్పా పెట్టకుండా, షేర్ ఆటోలో. తబస్సుమ్ ఆనందంతో బిర్యానీకి పురమాయించింది, అన్సార్ వాళ్ళకీ మాకూ కబురు పెట్టింది. వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పిల్ల చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా ఉంది. డ్యూటీలు ఎక్కువై ఉంటాయనుకున్నాను. అన్సార్ రావడంతోనే మళ్ళీ మొదలుపెట్టాడు. చేతులు రెక్కల్లాగా చాపి, గాల్లోకి లేపుతూ, "అట్టా దిగుతా దిగుతా, నా పేరు చదివిందా…"

"మామయ్యా, ఆపు."

గట్టిగా కూడా అనలేదు. కానీ అన్సార్ చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి.

"అది చుట్టు తిప్పడం కాదు. మేం చక్రాలు దించడం మర్చిపోయాం," అంది షహనా.

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. "చక్రాలు" అన్న మాట వినిపించింది గానీ మనసు దాన్ని లోపలికి రానివ్వలేదు. ముందుగా కదిలింది పీర్‌బీ. "నే చెప్పలా?" అంది చిన్నగా. ఆవిడ కిటికీ దగ్గర అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

"మర్చిపోవడమేంటే?" అన్నాడు ఆజం. "చక్రాలు మర్చిపోవడమేంటి?"

"దిగేటప్పుడు మాకు ఊపిరి పీల్చుకునే తీరిక కూడా ఉండదు నాన్నా. ఆ రోజు గాలి మారింది. అటు వైపు నుంచి కాదు, ఇటు నుంచి దిగండని కింద నుంచి చెప్పారు. అంటే అప్పటిదాకా సర్దుకున్నదంతా మళ్ళీ మొదట్నుంచి సర్దుకోవాలి. కెప్టెన్ నడుపుతున్నారు. రేడియోలో మాట్లాడ్డం నా పని, మిషన్లో లెక్కలు మార్చడం నా పని, ఆయన చెప్పింది చెయ్యడం నా పని. కృష్ణ మీద మబ్బుంది. మాకు ముందు ఇంకో విమానం ఉంది. కెప్టెన్ చక్రాలు దించమన్నారు. నా చెయ్యి ఆ పిడి దాకా వెళ్ళింది. అప్పుడు బెల్లు మోగింది."

ఆమె తన ఎడమచేతి వంక చూసుకుంది. అది వేరే ఎవరిదో అయినట్టు చూసింది.

"శ్రీవల్లి ఫోన్. ఒకాయన నిలబడ్డాడు, ఎంత చెప్పినా కూర్చోట్లేదు, పేరు చదివితేనే కూర్చుంటానంటున్నాడు అని. దిగేటప్పుడు మనిషి నిలబడి ఉంటే పడి తల పగులుద్ది. అందుకని ఆ అమ్మాయి చెప్పి తీరాలి, చెప్పింది. కెప్టెన్ నవ్వి, 'చదివెయ్యమ్మా, ఒక్క పేరేగా' అన్నారు. పిడి మీంచి చెయ్యి తీసి మైకు పట్టుకున్నా."

"తర్వాత దించొచ్చుగా?" అంది తబస్సుమ్.

"దించేశాననుకున్నానమ్మా." షహనా పీర్‌బీ వైపు తిరిగింది. "నాయనమ్మా, నువ్వు కూరలో ఉప్పు వెయ్యబోతుంటే వాకిట్లో ఎవరన్నా పిలిచారనుకో. వెళ్ళి మాట్లాడొచ్చి మూత పెట్టేస్తావు. వేశావనే అనుకుంటావుగా. చెయ్యి డబ్బా దాకా వెళ్ళిందిగా మరి. నాదీ అంతే. కెప్టెన్‌గారు తను చెప్పారు కాబట్టి అయిపోయిందనుకున్నారు. ఆఖర్న ఇద్దరం కలిసి ఒక్కొక్కటీ చదువుకుంటూ సరిచూసుకోవాలి. సగంలో ఉండంగా రేడియోలో పిలిచారు. జవాబు చెప్పి, మిగతా సగం కూడా చదివేశాననుకున్నా." ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ మడిచింది. "ఆ రోజు అందరి పేర్లూ చదివాను. చక్రాల వరస ఒక్కటే చదవలా."

"మరి ఎట్టా తెలిసింది?" అన్నాడు ఆజం. అతని గొంతు నాకు గుర్తుపట్టరాకుండా ఉంది.

"మిషను అరిచింది. నేల దగ్గరికి వచ్చేసింది, చక్రాలు లేవు అని అరుస్తది అది. కెప్టెన్ వెంటనే పైకి లేపేశారు. అది అరవకపోతే ఇంకో నిమిషంలోపు పొట్టతో నేలని తాకేవాళ్ళం."

నాకు పసుపు చీర గుర్తొచ్చింది. అంత దగ్గర. అంత దగ్గరగా, కాళ్ళు లేకుండా, డెబ్భై మందిమి. నేను ఆ కిటికీలోంచి చూసి సంతోషించాను! అవతలి సీట్లో ఒకామె చంటిబిడ్డకి పాలు పడుతోంది. ఆ బిడ్డ కాలి మువ్వలు కూడా ఇప్పుడు నా చెవిలో మోగాయి. చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఎప్పుడు ఒలికిందో తెలియదు, చీరంతా తడిసింది. మేం చప్పట్లు కొట్టాం. దేవుడా, మేం చప్పట్లు కొట్టాం.

"నన్నూ కెప్టెన్‌నీ ఆ రోజు నుంచే డ్యూటీలోంచి తప్పించారు," అంది షహనా. "ఎంక్వయిరీ నడుస్తోంది. ఎల్లుండి నేను వెళ్ళి జరిగింది చెప్పాలి. మళ్ళీ నడపనిస్తారో, ఇంటికి పొమ్మంటారో తెలీదు."

ఆజం లేచాడు. నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. మేం అతని వీపు మాత్రమే చూశాం.

"ముప్పై ఏళ్ళు నా సీటు వెనకాలే ఉంది ఆ బోర్డు," అన్నాడు. "డ్రైవరుతో మాట్లాడరాదని. సొంత బావని రోడ్డు మీద దింపేశా. నా బిడ్డ నడుపుతుంటే మాత్రం మైకు పట్టుకో, మా పేర్లు చదువు అన్నా. విమానాన్నీ ఒకరు నడుపుతారన్న సంగతి నాకు తోచలా టీచరుగారూ. పైనెక్కడో పోతది కదా, అదే పోతది అనుకున్నా."

నన్నెందుకు పిలిచాడో తెలియదు.

అన్సార్ అప్పటిదాకా కదల్లేదు. చేతులు ఎప్పుడు దించుకున్నాడో గానీ రెండూ ఒళ్ళో పడి ఉన్నాయి. ముఖం బూడిద రంగుకు తిరిగింది. కొంచెంసేపటికి హఠాత్తుగా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"షహనా, ఇట్టా చెప్పమ్మా. మా మామయ్యకి గుండెనొప్పి వచ్చింది, అందుకే లేచి నిలబడ్డాడు, అందుకే ఫోన్ చేశారు అను. ప్రాణం మీదికొస్తే ఎవరైనా కంగారు పడతారుగా. నీ తప్పేం ఉంటది? డాక్టరు కాయితం నేను తెస్తా. నాకు నిజంగానే నొప్పొచ్చిందని ఎక్కడైనా చెప్తా, ఎవరి మీదైనా ఒట్టేస్తా."

తబస్సుమ్ కళ్ళలో ఆశ కనిపించింది. "అదీ బాగానే ఉందే. అట్టా చెప్తే…" అంది. పీర్‌బీ కూడా తలూపింది. ఎవరిని ఏమనగలం? చేను పోయింది, ఇప్పుడు ఉద్యోగం పోయేలా ఉంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు. నాక్కూడా ఒక్క క్షణం, చెప్తే పోయేదేముంది అనిపించింది.

షహనా తండ్రి వీపు వైపు చూసింది. ఆజం తిరగలేదు.

"గుండెనొప్పి అని రాస్తే వాళ్ళు గుండెనొప్పి గురించి జాగ్రత్త పడతారు మామయ్యా," అంది చివరికి. "పేర్లు చదవడం గురించి పడరు. రేపు ఇంకో ఊరి పిల్ల నడుపుతుంది. వాళ్ళ మామయ్యా లేచి నిలబడతాడు. ఆ రోజు మిషను అరవకపోతే?"

అన్సార్ లేచి చెప్పులు వేసుకున్నాడు. బిర్యానీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. తినకుండా వెళ్ళడం అతనికి కొత్త కాదు గానీ, అలక అయితే వెళ్తూ వెళ్తూ వాకిట్లో రెండుసార్లు దగ్గుతాడు, ఎవరన్నా పిలుస్తారేమో అని. ఆ రోజు దగ్గలేదు.

మర్నాడు గంపలగూడెంలో పెళ్ళి ఉంటే మైకుసెట్టు పంపించాడు గానీ తను వెళ్ళలేదట. పేర్లు వేరే ఎవరో చదివారు. మూడు పేర్లు పోయాయని, గొడవైందని విన్నాను. ఇంకో సమయంలో అయితే నవ్వేదాన్ని.

షహనా హైదరాబాద్ వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత రెండు రోజులకు అన్సార్ ఆజం ఇంటికి వచ్చాడు. ఎంక్వయిరీవాళ్ళు ఫోన్ చేస్తారట, తనే షహనాని బతిమాలి వాళ్ళకు తన నంబరు ఇప్పించాడట. ఒక్కడినే మాట్లాడలేనని నన్నూ పిలిపించాడు. చెప్తే ఆశ్చర్యపోతారు, జీవితమంతా మైకు ముందు బతికిన మనిషి, ఫోన్ ముందు చెప్పబోయేది కాగితం మీద రాసుకుని కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. ఆజం స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల మాట్లాడింది ఒక మర్యాదస్తుడైన ఆఫీసరు, తెలుగాయనే. అన్సార్ అంతా చెప్పాడు. పేరు చదవలేదని కోపం వచ్చిందనీ, నవ్వారని లేచాననీ, శ్రీవల్లి ఎంత చెప్పినా కూర్చోలేదనీ. గుండెనొప్పి మాట ఎత్తలేదు.

"థాంక్సండీ," అన్నాడు ఆఫీసరు. "ఇది చాలా ఉపయోగం. ఇది రేపు మిగతా పైలట్లకి పాఠంలా చదివి వినిపిస్తాం."

"మా అమ్మాయి సంగతేంటి సార్?" అన్నాడు ఆజం ఆగలేక.

"ఇంకా తేలలేదండీ. దాచకుండా చెప్పింది, అది మాత్రం రాసుకున్నాం."

ఆ మాటతో ఆ రోజు మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉండాల్సి వచ్చింది. కొన్ని నెలల శిక్షణ తర్వాత ఆ పిల్లని మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెట్టారు, కెప్టెన్ జయకర్‌ని కూడా. కానీ అది మాకు అప్పటికి తెలియదు. తెలియని రోజున అన్సార్ అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

"అందులో నా పేరు రాశారా సార్?"

"లేదండీ, అక్కర్లేదు. పేర్లు ఉండవు. 'ఒక ప్రయాణికుడు' అని రాస్తాం. మీకేం ఇబ్బంది రాదు."

అన్సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫోన్‌లో ఆయనకి కనపడదు కదా, అయినా లేచాడు.

"రాయండి సార్."

"వద్దండీ, రూలు ప్రకారం…"

"ఎవరో ప్రయాణికుడు అంటే వినేవాళ్ళు ఎవడో పిచ్చోడనుకుని వదిలేస్తారు సార్. పిచ్చోణ్ణి కాదు నేను. ఇరవయ్యేళ్ళు మైకు పట్టుకున్నోణ్ణి. ఆ పిల్లకి మైకు నేర్పినోణ్ణి. నాలాంటోడే లేచాడని తెలియాలి. నా పేరు రాసేదాకా కూర్చోను."

ఆజం బావ చెయ్యి పట్టుకున్నాడు, కూర్చోబెట్టడానికి కాదు. ఫోన్‌లో కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

"సరేనండీ. పైకి పంపే దాంట్లో ఉంచుతారో లేదో చెప్పలేను. నా కాగితంలో మాత్రం రాశాను."

"ఒక్కసారి చదవండి సార్."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. అన్సార్ కళ్ళు మూసుకున్నాడు.

"షేక్ అన్సార్. తిరువూరు."

అన్సార్ కూర్చున్నాడు. ఈసారి మాలో ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.